5.1 రిసీవర్‌లో డాల్బీ పెడితే వెనక స్పీకర్లు వినపడట్లేదు. అసలు ఏ మోడ్ పెట్టాలి?

గోదారిగట్టు:

అందరికీ నమస్కారం. హాలు 12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు. 5.1 రిసీవర్, ముందు రెండు బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, టీవీ కింద అరలో సెంటర్, వెనక రెండు చిన్న స్పీకర్లు, 10 అంగుళాల పవర్డ్ సబ్‌వూఫర్ ఉన్నాయి. సోఫా వెనక గోడకి ఆనుకుని ఉంటుంది. సెట్‌టాప్ బాక్స్, స్ట్రీమింగ్ స్టిక్ రెండూ టీవీకే పెట్టాం. టీవీ ఆర్క్ పోర్టు (టీవీ సౌండ్‌ని రిసీవర్‌కి వెనక్కి పంపే హెచ్‌డీఎంఐ పోర్టు) నుంచి రిసీవర్‌కి ఒకే హెచ్‌డీఎంఐ కేబుల్.

రిమోట్‌లో మోడ్ బటన్ నొక్కుతుంటే స్టీరియో, డైరెక్ట్, మల్టీ ఛానెల్ స్టీరియో, డాల్బీ సరౌండ్, న్యూరల్ ఎక్స్, ఆ తర్వాత హాల్, స్టేడియం లాంటివి వరసగా వస్తున్నాయి. మల్టీ ఛానెల్ స్టీరియోలో ఐదు స్పీకర్లూ గట్టిగా మోగుతాయి. డాల్బీ సరౌండ్ పెడితే మాటలన్నీ సెంటర్‌లోకి పోతున్నాయి, వెనకవి చెవి ఆనిస్తే తప్ప వినపడట్లేదు. కొన్నచోట మల్టీ స్టీరియోలోనే ఉంచమన్నారు. రెండింట్లో ఏది కరెక్టు? వెనకవి మోగకపోవడం వైరింగ్ తప్పా, సెట్టింగ్ తప్పా? ఇంకోటి, ఏ మోడ్ పెట్టినా డైలాగ్ తక్కువ, ఫైట్లు ఎక్కువ. దీనికేం చెయ్యాలి?


ఎనిమిదిఓమ్స్:

మోడ్ సంగతి తర్వాత చూద్దాం. ముందు రిసీవర్‌లోకి ఏ సిగ్నల్ వస్తోందో చూడండి. నూటికి తొంభై ఇళ్లలో గొడవంతా అక్కడే ఉంటుంది. మోడ్ మార్చి మార్చి విసిగిపోతారు గానీ, లోపలికి వస్తున్నది రెండు ఛానెళ్ల సౌండే అయితే ఏ మోడూ దాన్ని అసలైన 5.1 చెయ్యలేదు.

సినిమా నడుస్తుండగా రిమోట్‌లో ఇన్ఫో గానీ, డిస్‌ప్లే గానీ, స్టేటస్ గానీ నొక్కండి. బటన్ పేరు కంపెనీని బట్టి మారుతుంది. పీసీఎం 2.0 అని గానీ, ఊరికే పీసీఎం (ప్యాక్ చెయ్యని మామూలు డిజిటల్ సౌండ్) అని గానీ కనిపిస్తే వస్తున్నది స్టీరియో. డాల్బీ డిజిటల్ అనో, డాల్బీ డిజిటల్ ప్లస్ అనో ఉండి పక్కన ఛానెళ్లు 3/2.1 అని చూపిస్తే అది అసలైన 5.1. 3 అంటే ముందు మూడు, 2 అంటే సరౌండ్ రెండు, .1 అంటే సబ్‌వూఫర్ కోసం విడిగా పెట్టిన ఎల్‌ఎఫ్ఈ ఛానెల్. డాల్బీ అని ఉన్నా పక్కన 2/0 కనిపిస్తే అదీ స్టీరియోనే. పేరు చూసి మోసపోకండి, అంకెలు చూడండి.

మీరు రాసింది చూస్తే పీసీఎం 2.0 వస్తోందనే నా అనుమానం. ఎందుకంటే మామూలు ఆర్క్‌లో పీసీఎం రెండు ఛానెళ్లే వెళ్తుంది. 5.1 వెళ్లాలంటే డాల్బీ డిజిటల్‌గానో, డాల్బీ డిజిటల్ ప్లస్‌గానో ప్యాక్ అయ్యి వెళ్లాలి. టీవీలో డిజిటల్ సౌండ్ అవుట్‌పుట్ పీసీఎంలో ఉంటే టీవీ ఆ ప్యాకెట్ తనే విప్పి, ఆరు ఛానెళ్లనీ రెండుగా కలిపి పంపేస్తుంది. రిసీవర్‌కి చేరేసరికి సరౌండ్ ఛానెళ్లు విడిగా ఉండవు.

చెయ్యాల్సింది ఇదీ. టీవీ సౌండ్ సెట్టింగ్స్‌లో డిజిటల్ అవుట్‌పుట్‌ని పాస్‌త్రూలో, అంటే వచ్చిన సౌండ్‌ని విప్పకుండా అలాగే పంపే సెట్టింగ్‌లో పెట్టండి. అది లేకపోతే ఆటో. స్టిక్‌లో కూడా విడిగా ఒక సెట్టింగ్ ఉంటుంది. ఫైర్ టీవీ స్టిక్ అయితే డిస్‌ప్లే అండ్ సౌండ్స్, అందులో ఆడియో, అందులో సరౌండ్ సౌండ్‌ని బెస్ట్ అవైలబుల్ చెయ్యండి. ఒక్కోసారి అన్నీ మార్చాక కూడా పాత సిగ్నలే కనిపిస్తుంది. అప్పుడు టీవీ, రిసీవర్ రెండింటి ప్లగ్గులూ ఒక నిమిషం పీకి, ముందు టీవీ, తర్వాత రిసీవర్ ఆన్ చెయ్యండి.

ఆడియో ట్రాక్ కూడా చూసుకోవాలి. ఒకే సినిమాకి ఒక భాషలో 5.1 ఉండి, డబ్బింగ్ భాషలో స్టీరియో మాత్రమే ఉండడం మామూలే. భాష మార్చి డిస్‌ప్లే మళ్లీ చూడండి. సెట్‌టాప్ బాక్స్ ఛానెళ్లలో ఎక్కువ భాగం స్టీరియోనే, అక్కడ మీ తప్పేమీ లేదు.


మోనోప్రియ:

పైన చెప్పింది చేశాక మోడ్‌ల దగ్గరికి రండి. అవి మూడు రకాలు. ఉన్నది ఉన్నట్టు వినిపించేవి, రెండు ఛానెళ్ల నుంచి ఐదు తయారుచేసేవి, గది ప్రతిధ్వని కలిపేవి.

మొదటి రకానికి ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది. యమహాలో స్ట్రెయిట్, సోనీలో ఏఎఫ్‌డీ. డెనాన్‌లో మూవీ బటన్ నొక్కుతూ పోతే డాల్బీ డిజిటల్ అని మాత్రమే చూపించే చోటు. 5.1 సిగ్నల్ వస్తున్నప్పుడు ఇదే పెట్టాలి. 5.1 స్పీకర్లకి 5.1 సిగ్నల్ ఇచ్చి, పైన డాల్బీ సరౌండ్ కూడా పెట్టినా అదనంగా ఒరిగేదేమీ లేదు. 7.1 స్పీకర్లో, సీలింగ్ స్పీకర్లో ఉన్నవాళ్లకే అక్కడ దాని పని. డైరెక్ట్, ప్యూర్ డైరెక్ట్ కూడా ఈ రకమే అయినా, అవి బాస్ ట్రెబుల్ సవరింపుల్ని పక్కన పెట్టేస్తాయి, కొన్ని రిసీవర్లలో గది కాలిబ్రేషన్ (మైకుతో కొలిచి గదికి తగ్గట్టు చేసిన సవరింపు) కూడా పోతుంది. స్టీరియో పాటలకి డైరెక్ట్ పెట్టగానే సబ్‌వూఫర్ ఆగిపోయిందని కంగారు పడేవాళ్లకి కారణం ఇదే.

రెండో రకం డాల్బీ సరౌండ్, న్యూరల్ ఎక్స్, పాత రిసీవర్లలో ప్రోలాజిక్ టూ. ఇక్కడే మీ ప్రశ్నకి జవాబు ఉంది. ఇవి ఎడమ, కుడి ఛానెళ్లని పోల్చి చూస్తాయి. రెండింట్లో ఒకేలా ఉన్న సౌండ్ సెంటర్‌కి పోతుంది. మాట దాదాపు ఎప్పుడూ రెండింట్లో సమానంగా ఉంటుంది కాబట్టి అది సెంటర్‌లో దిగుతుంది. రెండింటికీ మధ్య తేడాగా ఉన్నది, అంటే ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేస్తే మిగిలేది, సరౌండ్‌కి పోతుంది. వాన చప్పుడు, జనం గోల, పాటలో హాలు ప్రతిధ్వని లాంటివి అక్కడ దొరుకుతాయి. ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే సీన్లో తేడా దాదాపు సున్నా, అందుకే వెనక స్పీకర్లు ఊరుకుంటాయి. అది వాటి పని అవి సరిగ్గా చెయ్యడమే. మీ వైరింగ్ తప్పు కాదు.

పేరు వల్ల వచ్చే తికమక ఒకటుంది. ఇంట్లో వాడే తొలి డాల్బీ సరౌండ్ డికోడింగ్ 1982లో వచ్చింది, 1987లో ప్రోలాజిక్, 2000లో ప్రోలాజిక్ టూ. 2014లో అట్మాస్ (పైనుంచి కూడా సౌండ్ వినిపించే డాల్బీ పద్ధతి) రిసీవర్లతో పాటు కొత్త అప్‌మిక్సర్, అంటే తక్కువ ఛానెళ్ల నుంచి ఎక్కువ తయారుచేసేది, తెచ్చి దానికి మళ్లీ డాల్బీ సరౌండ్ అనే పేరే పెట్టారు. పాత పుస్తకాల్లో చదివిన డాల్బీ సరౌండ్, మీ రిమోట్‌లో ఉన్న డాల్బీ సరౌండ్ ఒకటి కాదు.

మల్టీ ఛానెల్ స్టీరియో పోల్చి చూడడమేదీ చెయ్యదు. ఎడమ ఛానెల్‌ని ఎడమవైపు రెండింటికీ, కుడిని కుడివైపు రెండింటికీ, రెండూ కలిపి సెంటర్‌కీ ఇచ్చేస్తుంది. 5.1 సినిమా వచ్చినా ముందు దాన్ని రెండు చేసి, మళ్లీ ఐదింటికీ పంచుతుంది. ఇంట్లో పుట్టినరోజుకి పాటలు పెట్టడానికి బాగుంటుంది, హాల్లో ఎక్కడ నిలబడ్డా ఒకేలా వినిపిస్తుంది. సినిమాకి మాత్రం చేటు. ఒకే మాట ఐదు చోట్ల నుంచి వచ్చి అక్షరాలు మసకబారతాయి. కారు ఎడమ నుంచి కుడికి పోతే ఎటు పోయిందో చెవికి తెలీదు. సౌండు ఎక్కువగా ఉంది కదా అని దీన్ని ఉంచుకుంటే 5.1 కొన్నది వృథా అవుతుంది. ఈ మాట గట్టిగానే చెప్తున్నాను.

మూడో రకం హాల్, స్టేడియం, జాజ్ క్లబ్. యమహా 1986లో డీఎస్‌పీ-1తో ఇలాంటివి ఇళ్లలోకి తెచ్చింది, అసలైన హాళ్లలో కొలిచిన ప్రతిధ్వనుల ఆధారంగా. కచేరీ రికార్డింగుకి ఇష్టమైతే పెట్టుకోండి. గచ్చు నేల, పుట్టీ గోడలున్న మన హాళ్లలో ప్రతిధ్వని ఇప్పటికే ఎక్కువ, దానికి ఇంకొంత కలపడం దేనికి?

వైరింగ్ అనుమానం తీరాలంటే ఒక పరీక్ష. అసలు సిసలు మోనో సౌండ్ ఉన్న పాత నలుపు తెలుపు సినిమా ఏదైనా పెట్టి, డాల్బీ సరౌండ్ మోడ్ పెట్టండి. సౌండంతా సెంటర్ ఒక్కదాంట్లోంచే రావాలి, దానితోపాటు కొంచెం సబ్‌వూఫర్. ముందు పక్కలవి, వెనకవి నోరు మూసుకోవాలి. అలా ఉంటే దారంతా శుభ్రంగా ఉన్నట్టు.


గోదారిగట్టు:

ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అండీ. టీవీలో పీసీఎం అనే ఉంది. పాస్‌త్రూ చేసి ప్లగ్గులు తీసి పెట్టాక స్టిక్‌లో డాల్బీ డిజిటల్ ప్లస్ 3/2.1 వచ్చింది. హెలికాప్టర్ సీన్లో వెనకవి మోగాయి.

మోనో పరీక్షలో మాత్రం తేడా వచ్చింది. టీవీలోనే ఉన్న వీడియో యాప్‌లో పాత సినిమా పెడితే డిస్‌ప్లేలో పీసీఎం 2.0 ఉంది, మోడ్ డాల్బీ సరౌండ్. వెనక స్పీకర్లలో మాట సన్నగా, డబ్బాలోంచి వచ్చినట్టు వినిపిస్తోంది. డైలాగ్ తక్కువ అనే సమస్య కొంచెం తగ్గింది గానీ పోలేదు.


మోనోప్రియ:

మోనోలో వెనక మాట వచ్చిందంటే, రిసీవర్‌కి చేరేలోపే ఎవరో ఎడమకీ కుడికీ మధ్య తేడా పుట్టించారన్నమాట. రెండు అనుమానాలు. ఒకటి, టీవీలో వర్చువల్ సరౌండ్, క్లియర్ వాయిస్, ఏఐ సౌండ్ లాంటిదేదో ఆన్‌లో ఉంది. కొన్ని టీవీలు పీసీఎం పంపేటప్పుడు ఆ ఎఫెక్టుని కూడా కలిపి పంపుతాయి. సౌండ్ మోడ్‌ని స్టాండర్డ్ చేసి అవన్నీ ఆపండి. రెండోది, ఆ వీడియోనే అలాంటిది కావచ్చు. పాత సినిమాలు, పాటలు ఎక్కించేవాళ్లు కొందరు మోనోకి దొంగ స్టీరియో ఎఫెక్టు తగిలించి 5.1 అని పేరు పెడతారు. వేరేవాళ్లు ఎక్కించిన అదే సినిమా పెట్టి చూడండి.

ఇంకో రకం లక్షణం కూడా చెప్తాను, వేరేవాళ్లకి పనికొస్తుంది. సెంటర్ ఖాళీగా ఉండి మాట పూర్తిగా వెనక నుంచే వస్తే, దారిలో ఎక్కడో ఒక ఛానెల్ తిరగబడింది, అంటే ప్లస్ మైనస్ అయ్యింది. స్పీకర్ వైరు తిరగేస్తే ఇలా రాదు, ఎందుకంటే పోల్చి చూసే పని దానికంటే ముందే అయిపోతుంది. స్పీకర్ వైరు తిరగేస్తే వచ్చే లక్షణం వేరు. స్టీరియోలో పాడే గొంతు మధ్యలో నిలబడదు, బాస్ పల్చబడుతుంది. సెట్‌టాప్ బాక్స్ నుంచి ఎరుపు, తెలుపు ఆర్‌సీఏ వైర్లు వాడేవాళ్లకి ఒక పిన్ను వదులైతే మాట సెంటర్ వదిలేసి ఒక పక్కకి పోతుంది.


తూనికరాయి:

డైలాగ్ సంగతి నేను చెప్తాను. ఇది మోడ్‌తో తీరేది కాదు, లెవెళ్లతో, సెంటర్ పెట్టిన చోటుతో తీరుతుంది.

సెంటర్ అరలో ఉందన్నారు. దాని ముఖం అర అంచు దాకా, అవసరమైతే వేలెడు బయటికి లాగండి. లోపలికి ఉంటే సౌండ్ పై పలకకీ కింది పలకకీ కొట్టుకుని, మాట బరువెక్కి ముద్దగా వస్తుంది. అర మోకాలి ఎత్తులో ఉంటే ముందు అంచు కింద రెండు రబ్బరు ముక్కలు పెట్టి, సోఫాలో కూర్చున్నవాళ్ల చెవివైపు చూసేలా ఎత్తండి. ఈ ఒక్క పనికే చాలామందికి సగం సమస్య తీరుతుంది.

తర్వాత ఆటో కాలిబ్రేషన్. మైకుని సోఫా మీద పడేయకండి, దిండు మీద పెట్టకండి. కెమెరా స్టాండుకి గానీ, స్టూలు మీద పుస్తకాలు పేర్చి గానీ చెవి ఎత్తులో పెట్టి, వెనక గోడకి కనీసం అడుగున్నర దూరం ఉంచండి. ఫ్యాను, ఏసీ, ఫ్రిజ్జు ఆపండి. ఫ్యాను తిరుగుతుంటే సబ్‌వూఫర్ కొలత తప్పుతుంది. సబ్‌వూఫర్ వెనక ఉన్న క్రాసోవర్ (ఏ హద్దు కింది సౌండ్ సబ్‌వూఫర్‌కి పోవాలో విడగొట్టేది) నాబ్ పూర్తిగా పైకి తిప్పండి, వాల్యూమ్ నాబ్ సగం దగ్గర ఉంచండి.

అయ్యాక మాన్యువల్ సెటప్‌లోకి వెళ్లి మూడు చూడండి. స్పీకర్ సైజు లార్జ్ అని వస్తే బుక్‌షెల్ఫ్‌లకి స్మాల్ చేసి, క్రాసోవర్ 80 హెర్ట్జ్ ఇవ్వండి. వెనక చిన్నవాటికి 100 లేదా 120. సబ్‌వూఫర్‌ని ఎల్‌ఎఫ్ఈ ప్లస్ మెయిన్‌లో (బాస్‌ని ముందు స్పీకర్లకీ, సబ్‌వూఫర్‌కీ రెండింటికీ పంపే సెట్టింగ్) పెట్టకండి, ఒకే బాస్ రెండు చోట్ల నుంచి వచ్చి ఒక చోట గుమ్మని, ఇంకో చోట మాయమవుతుంది. దూరాలు టేపుతో కొలిచి సరిచూడండి. సౌండు అడుగుకి సుమారు 0.9 మిల్లీసెకన్లు తీసుకుంటుంది, దూరం తప్పితే వెనకవి ముందు మోగి దృష్టి అటు లాగుతాయి. సబ్‌వూఫర్ దూరం మాత్రం అసలు కంటే ఎక్కువ చూపిస్తే ముట్టుకోకండి. దాని లోపలి సర్క్యూట్ చేసే ఆలస్యాన్ని కూడా కలిపి రిసీవర్ అలా లెక్క వేసుకుంటుంది.

లెవెళ్లు సరిచూడాలంటే రిసీవర్‌లో టెస్ట్ టోన్ వేసి, ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్‌ని సీ వెయిటింగ్, స్లోలో పెట్టి, చెవి ఎత్తులో పట్టుకోండి. ఐదూ 75 డెసిబెల్స్ దగ్గర సమానంగా రావాలి. ఫోన్ మీటర్ అంకె కచ్చితంగా ఉండదు గానీ ఐదూ ఒకదానికొకటి సమానమా కాదా అన్నది చూడ్డానికి చాలు. సబ్‌వూఫర్‌కి ఫోన్ మైకుని నమ్మకండి, అంత కింది సౌండ్ అది సరిగ్గా వినదు. సమానం అయ్యాక సెంటర్ ఒక్కదాన్నీ 2 డెసిబెల్స్ పెంచండి. మూడు దాటితే ఫ్రంట్ సౌండ్ ఒక పెట్టెలోంచి వచ్చినట్టు ఇరుకైపోతుంది.

అప్పటికీ రాత్రిపూట ఫైట్లకి ఇంట్లోవాళ్లు లేస్తుంటే డైనమిక్ కంప్రెషన్, డీఆర్‌సీ, నైట్ మోడ్ అనే పేర్లలో ఏదో ఒకటి ఉంటుంది. అది పెద్ద సౌండ్‌ని కిందికి, చిన్న సౌండ్‌ని పైకి తెస్తుంది. థియేటర్లో వినేంత వాల్యూమ్‌కి మిక్స్ చేసిన సినిమాని ఇంట్లో అందులో సగం సౌండ్‌తో వింటున్నాం, మాట కిందపడిపోవడం అందుకే. పగలు ఆపేయండి. ఎప్పుడూ ఆన్‌లో ఉంచితే పిడుగూ గుసగుసా ఒకే ఎత్తులో వినిపిస్తాయి.

వెనక స్పీకర్ల గురించి. సోఫా గోడకి ఆనుకుని ఉంటే వాటిని వెనక గోడ మూలల్లో పెట్టకండి. కూర్చున్నవాళ్లు టీవీవైపు చూసే దిక్కు సున్నా డిగ్రీలు అనుకుంటే, సరౌండ్‌లు 110 డిగ్రీల దగ్గర ఉండాలి. మీకు అంత జాగా లేదు కాబట్టి పక్క గోడలకి, సోఫాకి సూటిగా 90 నుంచి 100 డిగ్రీల్లో, చెవికి రెండు అడుగుల పైన బిగించండి. వీలైతే సోఫాని ఒక్క అడుగు ముందుకి జరపండి. గోడకి తల ఆనితే బాస్ ఉబ్బిపోతుంది, వెనక సౌండ్ తలకి అంటుకుపోతుంది.


12-0-12:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మాది లోకల్‌గా చేయించిన 5.1 ఆంప్లిఫయర్. ప్రోలాజిక్ బోర్డు ఉంది, వెనక ఆరు ఆర్‌సీఏ పిన్నులు కూడా ఉన్నాయి. టీవీ హెడ్‌ఫోన్ పిన్ను నుంచి ఆక్స్‌కి ఇచ్చాం. వెనకవి ఎకో వేసినట్టు మోగుతున్నాయి. అసలైన 5.1 రావాలంటే ఏం కావాలి?


ఎనిమిదిఓమ్స్:

హెడ్‌ఫోన్ పిన్ను నుంచి వచ్చేది ఎప్పుడూ స్టీరియోనే. మీ బోర్డు దాంట్లోంచి తేడా తీసి సరౌండ్ చేస్తోంది, పైన మోనోప్రియ గారు చెప్పిన పద్ధతే, కాస్త మోటుగా. ఇలాంటి బోర్డుల్లో సరౌండ్ ఆలస్యానికి పీటీ2399 అనే ఐసీ వాడడం మామూలు. అది ఎంత తగ్గించినా 30 మిల్లీసెకన్ల దగ్గరే ఆగుతుంది, పెంచితే 300 దాటుతుంది. 40 దాటాక చెవికి అది విడిగా ఎకోలా తెలుస్తుంది. డిలే అని రాసి ఉన్న నాబ్ పూర్తిగా తగ్గించండి, ఎకో చాలావరకు పోతుంది.

అసలైన 5.1 కి డాల్బీ, డీటీఎస్ (డాల్బీ లాంటిదే ఇంకో పద్ధతి) డికోడర్ బాక్స్ ఒకటి కావాలి, ఆప్టికల్ ఇన్‌పుట్, ఆరు ఆర్‌సీఏ అవుట్‌పుట్ ఉండేది. టీవీ ఆప్టికల్ నుంచి బాక్సుకి ఒక కేబుల్, బాక్స్ నుంచి ఆంప్లిఫయర్‌కి మూడు జతల ఆర్‌సీఏ వైర్లు. టీవీలో ఆప్టికల్ అవుట్‌పుట్‌ని డాల్బీ డిజిటల్ అని స్పష్టంగా పెట్టండి. డాల్బీ డిజిటల్ ప్లస్ ఆప్టికల్‌లో వెళ్లదు, టీవీయే దాన్ని మామూలు డాల్బీ డిజిటల్‌గా మార్చి ఇవ్వాలి. ఆ ఆప్షన్ మీ టీవీలో ఉందో లేదో చూసుకున్నాకే బాక్స్ కొనండి. ఆంప్లిఫయర్ సెలెక్టర్ ఆక్స్ నుంచి 5.1 కి మార్చడం మర్చిపోవద్దు, లేకపోతే మళ్లీ ప్రోలాజిక్ బోర్డు గుండానే పోతుంది.

ఎక్కువగా జరిగే తప్పు మూడో జతలో. సెంటర్, సబ్‌వూఫర్ పక్కపక్కనే ఉంటాయి, తారుమారవుతాయి. మాటలు సబ్‌వూఫర్‌లోంచి గుమగుమమని వస్తుంటే ఆ రెండు పిన్నులూ మార్చండి. చవక బాక్సుల్లో క్రాసోవర్ సెట్టింగ్ సాధారణంగా ఉండదు, సబ్‌వూఫర్‌కి ఎల్‌ఎఫ్ఈ ఛానెల్ మాత్రమే వెళ్తుంది. అందుకే సినిమాలో పేలుళ్లకి అదిరి, స్టీరియో పాటకి సబ్‌వూఫర్ మౌనంగా ఉంటుంది. పాటలకి ఆక్స్‌లోనే వినండి.


గోదారిగట్టు:

టీవీలో వర్చువల్ సరౌండ్ ఆన్‌లో ఉందండీ, ఆపేశాను. అదే పాత సినిమా, అదే మోడ్, ఇప్పుడు సెంటర్ ఒక్కటే మాట్లాడుతోంది. సెంటర్ అంచుకి లాగి రబ్బరు ముక్కలు పెట్టాను, కాలిబ్రేషన్ చేసి 2 డెసిబెల్స్ పెంచాను. నిన్నటి సినిమాలో రిమోట్ పట్టుకోలేదు. ఒక్కటే మిగిలింది, స్టిక్‌లో సినిమా చూస్తుంటే పెదాల కంటే మాట కాస్త వెనకబడుతోంది.


తూనికరాయి:

మాట ముందొస్తే రిసీవర్‌లో ఆడియో డిలే పదేసి మిల్లీసెకన్లు పెంచుకుంటూ సరిచేయొచ్చు. మీది వెనకబడుతోంది, డిలే సున్నా కంటే తగ్గదు. ముందు రిసీవర్‌లో డిలే, టీవీలో డిజిటల్ అవుట్‌పుట్ డిలే రెండూ సున్నాలో ఉన్నాయో లేదో చూడండి. అప్పటికీ ఉంటే స్టిక్‌ని టీవీ నుంచి తీసి నేరుగా రిసీవర్ హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్‌కి పెట్టండి. అప్పుడు సౌండ్ టీవీ చుట్టూ తిరిగి రాదు, బొమ్మ మాత్రమే టీవీకి పోతుంది. స్టిక్‌కి దాని సొంత అడాప్టరే వాడండి, రిసీవర్ యూఎస్‌బీ పోర్టు కరెంటు సరిపోక మధ్యలో రీస్టార్ట్ అవుతుంది. స్టిక్ 4కే అయితే, రిసీవర్‌లో ఆ ఇన్‌పుట్ 4కే హెచ్‌డీఆర్‌ని పంపగలదా అని మాన్యువల్‌లో చూసుకుని మార్చండి. పంపలేకపోతే బొమ్మ రంగులు తగ్గుతాయి.